కోటయ్య గారి గళ్ళ కాగితాలు

2006. చీరాలలో ఒక నూలు కొట్టు మీద మేడ. రెండు గదులు, మూడు కంప్యూటర్లు, ఒక స్కానరు, ఎండాకాలం రాగానే మొరాయించే ఒక ఇన్వర్టరు. మనుషులం ఇద్దరం, నేనూ మస్తానూ. నాది పొదిలి, అతనిది మార్టూరు. కాలేజీలో ఒకే బెంచీ. మేం చేసేది బ్రౌజర్ ఆటలు. సీడీ కొనక్కర్లేదు, ఇన్‌స్టాల్ చెయ్యక్కర్లేదు, ఇంటర్నెట్లో పేజీ తెరిస్తే అందులోనే ఆడుకునే చిన్న ఆటలు. అవి కూడా పాతకాలం వీడియో గేముల తీరులో, బొమ్మలన్నీ గళ్ళుగళ్ళుగా, సంగీతమంతా కీచుకీచుమంటూ. అలా కావాలని అడిగే విదేశీ సైట్లు అప్పట్లో నాలుగైదు ఉండేవి. వీధిలో వాళ్ళకి మాత్రం మాది నెట్ సెంటరే. పరీక్ష ఫలితాలు వచ్చే రోజు హాల్ టికెట్లు పట్టుకుని మెట్ల మీద వరస కట్టేవాళ్ళు. కాదంటే వినేవాళ్ళు కాదు, చూసి చెప్పేసేవాళ్ళం.

ఆ రోజుల గురించి ఎవరడిగినా ఇలాంటి సరదా సంగతులే చెప్పి తప్పించుకుంటూ వచ్చాను. ఇప్పుడు రాసేది సరదాది కాదు. మా దగ్గర బొమ్మలు గీసిన ఒక పెద్దాయన చూపు పోతుంటే ఎనిమిది నెలలు రోజూ దగ్గర కూర్చుని చూసినదాన్ని నేనే. చూసి ఏం చేశానో చెబుదామని ఇది మొదలుపెట్టాను.

ఆయన నాకు దొరకడం మిరపకాయ బజ్జీల పొట్లంలో దొరికాడు. నిజంగానే. సాయంత్రం మస్తాన్ బజ్జీలు తెచ్చాడు. నూనె పీల్చిన కాగితం విప్పితే గ్రాఫు కాగితం. దాని మీద నెమలి. పెన్సిలుతో గీసిన నెమలి కాదు, ఒక్కొక్క గడీ రంగుతో నింపి కట్టిన నెమలి. నేను బజ్జీ నోట్లో పెట్టుకోవడం కూడా మర్చిపోయాను. మా భాషలో కదిలే బొమ్మని స్ప్రైట్ అంటారు. ముప్ఫై రెండు గళ్ళ వెడల్పు, ముప్ఫై రెండు గళ్ళ ఎత్తు, అంతలోనే మనిషో కాకో కనబడాలి. ఒక్కో గడిని పిక్సెల్ అంటాం. నేను కంప్యూటర్ మీద మూడు రోజులు కుస్తీ పట్టినా నా కాకి చెప్పులాగే కనబడేది. ఇక్కడేమో ఎవరో నెమలి మెడ వంపుని గళ్ళలో పట్టేశారు.

బజ్జీల బండి వాడిని అడిగితే చెప్పాడు. "గ్రాఫు కోటయ్య గారి కాగితాలమ్మా అవి. పాత పేపర్లోడికి వేసేశాడంట."

కోటయ్య గారిల్లు మా వీధి చివరే. అరవై దాటిన మనిషి, బనియను, లుంగీ, చెవి వెనక పెన్సిలు. చీర అంచు మీద, పైట కొంగు మీద వచ్చే బొమ్మని ముందు గ్రాఫు కాగితం మీద గళ్ళుగా గీస్తారు. ఆ గళ్ళని బట్టి అట్టలకి చిల్లులు కొడతారు. ఆ అట్టలు మగ్గం మీది జకార్డు యంత్రంలో తిరుగుతుంటే ఏ పోగు లేవాలో ఏది లేవకూడదో తేలుతుంది. నలభయ్యేళ్ళు ఆయన చేసింది ఆ గ్రాఫులు గీసే పనే. తర్వాత కంప్యూటర్లో డిజైన్ చేసే సెంటరు వచ్చింది. నేతవాళ్ళు ఆయన దగ్గరికి రావడం మానేశారు. భార్య సామ్రాజ్యం గారు వేటపాలెంలో జీడిపప్పు ఒలిచే పనికి పోతుంటే ఆయన ఇంట్లో కూర్చున్నాడు.

నేను పని సంగతి చెప్పగానే ఆయన ముఖం మాడ్చుకున్నాడు. "కంప్యూటర్ పనా? దాని మూలానే కదమ్మాయ్ నేనిట్టా కూర్చుంది!"

"మీరు కంప్యూటర్ ముట్టుకోవద్దండి బాబాయ్ గారూ. కాగితం మీదే గీయండి. ఎక్కించుకునే బాధ మాది."

"రంగులెన్ని?"

"ఒక్కో బొమ్మకి నాలుగు."

"నాలుగు నాడెలు," అన్నాడు. నాడె అంటే అడ్డంగా నేసే పేక నూలు పట్టుకుని మగ్గంలో అటూ ఇటూ పరిగెత్తేది. రంగుకొక నాడె. ఆయన లెక్క ఆయనకి వెంటనే కుదిరిపోయింది. మర్నాడు పొద్దున్నే ఎనిమిదింటికి లుంగీ బదులు పంచె కట్టుకుని, చేతిలో స్కేలుతో మా మెట్లెక్కి వచ్చాడు.

అప్పుడు మేం చేస్తున్న ఆట పేరు 'మిరప కల్లం'. కల్లంలో మిరపకాయలు ఎండుతుంటాయి, మబ్బులు కమ్ముకొస్తుంటాయి, ఆడేవాడు పరిగెత్తి టార్పాలిన్ పట్టాలు కప్పాలి. చిన్నప్పుడు మా ఇంట్లో ఏటా ఆడిన ఆటే, కాకపోతే అప్పుడు ఓడిపోతే నిజంగా కాయ బూజు పట్టేది.

కోటయ్య గారు మొదట గీసింది మబ్బు. నల్లటి మబ్బు నిండా అయిదు గళ్ళకొకటి చొప్పున తెల్ల చుక్కలు. నాకు నవ్వాగలేదు. "ఏంటండీ, మబ్బుకి అమ్మవారు పోసిందా?"

ఆయనా నవ్వాడు. "చుక్క లేకపోతే పోగు వేలాడిపోద్ది కదమ్మాయ్. ఒకే రంగు ఆరేడు గళ్ళు దాటిందనుకో, మధ్యలో దాన్ని పట్టుకునేది ఏదీ ఉండదు. గోరు తగిలితే చాలు, లేచొస్తది."

"ఇది గుడ్డ కాదండీ, తెర. గోరు తగలదు."

"తగలదులే. కానీ చెయ్యి ఊరుకోదే!"

"సరే, మీ అలవాటు ప్రకారం మీరు పెట్టండి. నేను తీసేసుకుంటాను."

ఆ చివరి మాట అప్పుడు ఎంత తేలిగ్గా అన్నానో. ఆ రోజు నుంచి ఆయన గీసిన ప్రతి కాగితాన్నీ స్కాన్ చేసి, గళ్ళు కంప్యూటర్లో నింపి, చుక్కలు తీసేసి, శుభ్రం చేసిన బొమ్మని ఆటలో పెట్టడం నాకు అలవాటైపోయింది. ఆయన కాగితానికీ తెర మీది బొమ్మకీ మధ్య నేనున్నాను. మధ్యలో ఏం మారిందో ఆయనకి నేనెప్పుడూ చూపించలేదు, ఆయన అడగలేదు.

ఆయన పని మహా చక్కని పని. మిరపకాయలు కోసే ఆడమనిషిని గీశాడు, నడుము వంచిన తీరు, కొంగు దోపిన తీరు, అన్నీ ముప్ఫై రెండు గళ్ళలో. మస్తాన్ అది తెరమీద నడిపిస్తే ఆయన లేచి నిలబడిపోయాడు. "నేను గీసింది చీర మీద నలభయ్యేళ్ళు కదలకుండా కూర్చుందమ్మాయ్. ఇది నడుస్తుందే!" అని సామ్రాజ్యం గారిని పిలుచుకొచ్చి మరీ చూపించాడు.

మొదటి తప్పు ఎప్పుడు వచ్చిందో నాకు గుర్తు లేదు. గుర్తు పెట్టుకునేంత పెద్దది కాదు. మిరప రాశికి ఎడమ పక్క అంచులో నాలుగు గళ్ళు ఖాళీ. నింపేశాను. తర్వాత పట్టా బొమ్మలో ఎడమ మూల లేదు. పట్టాకి రెండు పక్కలూ ఒకటే కదా, కుడి సగాన్ని అద్దంలోలా తిప్పి అతికించే వీలు కంప్యూటర్లో ఉంది. ఒక్క మీట నొక్కితే చాలు. నొక్కాను. తర్వాత కొన్ని వరసలు ఒక గడి పక్కకి జరిగి వచ్చేవి, వరస పూర్తి చేసి మళ్ళీ ఎడమ మొదలుకి వచ్చేటప్పుడు చోటు తప్పినట్టు. జరిపాను.

మస్తాన్ ఒకసారి నా తెర వైపు చూసి, "ఆయనకి చెప్పచ్చు కదా రమా?" అన్నాడు.

"పెద్దాయన, నొచ్చుకుంటాడు. నాకు నిమిషం పని."

"నీ ఇష్టం."

నొచ్చుకుంటాడని ఊరుకున్నానా? కొంత నిజమే. కానీ రాస్తున్నాను కాబట్టి ఉన్నమాట చెప్పేస్తాను. చెప్పాలంటే ఎదురుగా కూర్చోవాలి, ఆయన ముఖం చిన్నబోవడం చూడాలి, మళ్ళీ గీసేదాకా ఆగాలి. దిద్దుకోవడం తేలిక. పైగా నేను దిద్దుతున్నానన్న గొప్ప ఒకటి. నా బద్ధకానికి మర్యాద అని పేరు పెట్టుకున్నాను.

గళ్ళొక్కటే కాదు. ఆయన బల్ల మీద ఎడమ పక్క పెట్టిన టీ గ్లాసు వారానికొకసారైనా మోచేయి తగిలి బోర్లా పడేది. "బాబాయ్ గారికి టీ గ్లాసు మీద పాతపగ ఏదో ఉంది," అని మస్తాన్ ఏడిపించేవాడు, ఆయనా నవ్వేవాడు. మేం గ్లాసు కుడి పక్క పెట్టడం మొదలుపెట్టాం. తలుపు రెక్క ఆయన ఎడమ భుజానికి రెండుసార్లు కొట్టుకుంది. ఆ రెక్కని గోడకి మేకు కొట్టి కట్టేశాం. కాగితం మీద మెడ ఓరగా పెట్టి గీస్తుంటే, పెద్దవాళ్ళు కదా, మెడ పట్టేసిందేమో అనుకున్నాను. జండూబామ్ ఇచ్చాను! ఇప్పుడు తలుచుకుంటే నా చెంపలు నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

ఆట పూర్తయ్యే దశకి వచ్చింది. సైటు వాళ్ళు, ఈ ఆట ఎలా తయారైందో చూపించే పేజీ ఒకటి ఇవ్వమన్నారు. మస్తానుకి ఒక ఆలోచన వచ్చింది. కోటయ్య గారి కాగితాల స్కాన్లన్నీ, నేను ముట్టుకోక ముందువి, మొదటి రోజు నుంచి వరసగా పేర్చి ఒకదాని వెనక ఒకటి ఆడిద్దామని. మా పనిలో ఒక్కో బొమ్మని ఫ్రేమ్ అంటాం. ఫ్రేములు వెంటవెంటనే మారితే కదిలినట్టుంటుంది.

మధ్యాహ్నం భోజనం చేసి వచ్చేసరికి మస్తాన్ కుర్చీలో వెనక్కి వాలి ఉన్నాడు. అన్నం డబ్బా కూడా తెరవలేదు. "రమా, ఇది చూడు," అన్నాడు.

ఆడించాడు. మబ్బు, మిరప రాశి, ఆడమనిషి, పట్టా, బండి, కాకి. బొమ్మలు మారుతున్నాయి. కానీ బొమ్మల మీద నుంచి ఇంకేదో కదులుతోంది. ఎడమ అంచులో చిన్న ఖాళీ పుట్టింది. అది పెరిగింది. నెలనెలకీ లోపలికి జరుగుతూ వచ్చింది. చివరి కాగితాల్లో బొమ్మకి ఎడమ మూడో వంతు లేదు, కుడి పైమూల కూడా చిరగడం మొదలైంది. మిరపకాయలు కోసే ఆడమనిషికి ఎడమ చెయ్యి లేదు.

"మళ్ళీ ఆడించనా?" అన్నాడు మస్తాన్.

"వద్దు."

ప్రోగ్రాంలో వచ్చే తప్పుని బగ్ అంటాం. మొదటి ఏడాదే నేర్పుతారు. తప్పు అక్కడొకసారి ఇక్కడొకసారి వస్తే పొరపాటు. ఒకే చోట మళ్ళీ మళ్ళీ వస్తుంటే దానికి వెనక కారణముంది, పైపైన దిద్దకు, కారణం పట్టుకో. ఆ పాఠం నేను ఇంకొకళ్ళకి చెప్పినదాన్నే.

మర్నాడే బయల్దేరాం, కోటయ్య గారు, సామ్రాజ్యం గారు, నేను. బాపట్ల, పొన్నూరు మీదుగా గుంటూరు బస్సు. "కళ్ళజోడు మార్చాలేమోలే, దీనికింత హడావుడెందుకమ్మాయ్," అంటూనే ఎక్కాడు ఆయన.

కంటాసుపత్రిలో ఆయన్ని ఒక మిషను ముందు కూర్చోబెట్టారు. గడ్డం ఆనించి ముందుకి చూస్తుండాలి. లోపల ఎక్కడో అక్కడ చిన్న వెలుగు కనబడితే చేతిలో బటన్ నొక్కాలి. బయటికి వచ్చి, "అచ్చం మీ ఆటలాగే ఉంది. కనబడ్డ ప్రతిదీ నొక్కా. ఒక్కటీ వదల్లే," అన్నాడు హుషారుగా.

డాక్టరమ్మ కాగితం తీసి బల్ల మీద పెట్టింది. అదీ గళ్ళ కాగితమే. చూపు ఉన్నచోట తెలుపు, తగ్గినచోట బూడిద రంగు, పోయినచోట నలుపు. ఎడమ కన్ను కాగితం అంతా నలుపు. కుడి కన్నుది అంచులు నల్లగా మూసుకొచ్చి, నడిమధ్య కాస్త తెలుపు. నాకు ఎవరూ చదివి చెప్పనక్కర్లేకపోయింది. ఆ బొమ్మని ఎనిమిది నెలలుగా నేను దిద్దుతున్నాను.

"నీటికాసులు, అదే గ్లాకోమా," అందామె. "కంట్లో ప్రెజర్ పెరిగి నరం చచ్చిపోతుంది. నొప్పుండదు, ఎర్రబడదు. పక్కల నుంచి మూసుకుంటూ వస్తుంది, మనిషికి తెలియదు. పోయిన చూపు రాదు. మందు వేసి మిగిలింది కాపాడుకోవాలి. కనీసం ఆరు నెలల ముందు తీసుకొచ్చుంటే ఈ కుడి కన్నులో చాలా మిగిలేది." ఆ తర్వాత మా వైపు చూసి, "ఇన్నాళ్ళు ఎవరూ గమనించలేదా?" అని అడిగింది. తిట్టినట్టు కాదు, మామూలుగానే అడిగింది.

"నేను గమనించానండి," అన్నాను.

ఆమెకి అర్థం కాలేదు. కోటయ్య గారు మాత్రం నా గొంతు వినబడ్డ వైపుకి మెడ తిప్పాడు.

తిరుగు బస్సులో కిటికీ పక్కన ఆయన, మధ్యలో సామ్రాజ్యం గారు, ఈ పక్క నేను. అంతా చెప్పేశాను. మొదటి నాలుగు గళ్ళ నుంచి తిప్పి అతికించిన పట్టా దాకా, టీ గ్లాసు దాకా. సామ్రాజ్యం గారు జీడి రసానికి నల్లబడ్డ వేళ్ళు ఒళ్ళో పెట్టుకుని విన్నది. "ఇంట్లో కూడా అంతేనమ్మా," అన్నది మెల్లిగా. "కంచంలో ఎడం పక్క కూర వదిలేస్తుంటే సయించట్లేదేమో అనుకున్నా. అన్నీ ఈ పక్కకి జరిపి పెట్టేదాన్ని. తినేసేవాడు." అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

బాపట్ల దాటింది. ఆయన కిటికీ వైపు తిరిగే మాట్లాడాడు.

"నలభయ్యేళ్ళు గీశానమ్మాయ్. నా గ్రాఫులో ఒక్క గడి తప్పు పడితే చాలు, నేసినోడు ఆ గుడ్డ చంకన పెట్టుకుని మా వాకిట్లోకి వచ్చేవాడు. 'ఏరా కోటయ్యా, కళ్ళు పొయ్యాయా నీకు!' అని వీధి వీధంతా వినబడేట్టు కేకలేసేవాడు. గుడ్డ నా మొహాన కొట్టేవాడు. నాకు పరువు పోయినట్టుండేది. అయినా పోయి గ్రాఫు తీసి చూసుకునేవాణ్ణి. నా తప్పు నాకు అట్టా తెలిసేది." అప్పుడు నా వైపు తిరిగాడు. "ఆ మాట నువ్వొక్కసారి అనాల్సింది."

నాకు ఏడుపు ఆగలేదు. బస్సులో అందరూ చూస్తున్నారని కూడా లేదు. ఆయన ఓదార్చలేదు. ఓదార్చనందుకే ఆయన మీద నాకు గౌరవం పెరిగింది.

కంట్లో మందు పొద్దునా సాయంత్రం తప్పకుండా వేశారు. కుడి కన్నులో తాళం కన్నమంత చూపు నిలబడింది. దాంతో మనిషి ముఖం పట్టుకోవచ్చు, గళ్ళు పట్టుకోలేం. స్కేలు, పెన్సిళ్ళు మా బల్ల మీదే వదిలేసి వెళ్ళాడు.

ఆట విడుదలైన రోజు పిలిస్తే వచ్చాడు, సామ్రాజ్యం గారి భుజం పట్టుకుని మెట్లెక్కి. మస్తాన్ ఆడుతుంటే ఉరుము చప్పుడు, పట్టా లాగే చప్పుడు వింటూ కూర్చున్నాడు.

"బొమ్మల్లో తప్పులేవన్నా ఉన్నాయా?" అని అడిగాడు.

"లేవండి బాబాయ్ గారూ."

"ఒక్కటి కూడా?"

"ఒక్కటి కూడా లేదండి."

"అయితే నాదెంతో నీదెంతో ఎవరికీ తెలవదన్న మాట," అన్నాడు. దెప్పినట్టు అనలేదు, నిజంగా తెలుసుకుందామనే అన్నాడు. ఎండెక్కుతోందని సామ్రాజ్యం గారు లేవదీసి తీసుకెళ్ళిపోయింది.

తర్వాత చాలా ఏళ్ళు ఈ పనే చేశాను. ఇప్పుడు నాతో పనిచేసేవాళ్ళు వెనకాల నన్ను గయ్యాళి అంటారని నాకు తెలుసు. ఎవరి బొమ్మలో ఒక్క పిక్సెల్ తప్పినా నేను ముట్టుకోను. అప్పటికప్పుడే పిలిచి, ఎదురుగా కూర్చోబెట్టి, ఎందుకిలా అయిందని అడుగుతాను. రాత్రి నిద్ర లేదా, ఒంట్లో బాగాలేదా, ఇంట్లో ఏమన్నా జరిగిందా, అన్నీ అడుగుతాను. విసుక్కుంటారు. విసుక్కోనీ.

'మిరప కల్లం' ఇప్పుడు లేదు. అది నడవడానికి కావలసిన ఫ్లాష్ అనే ప్రోగ్రాంని బ్రౌజర్లలోంచి తీసేశాక, ఆట ఏ పేజీలోనూ తెరుచుకోవడం మానేసింది. నేను దిద్దిన బొమ్మలన్నీ దాంతోనే పోయాయి. ఆయన కాగితాలు మాత్రం నా బీరువాలో అట్టపెట్టెలో ఉన్నాయి, తేదీల వరసలో. కొత్తగా ఎవరు పనిలో చేరినా మొదటి రోజు అవి తీసి బల్ల మీద పరుస్తాను. తప్పు ఎక్కడుందో చెప్పమంటాను. అందరూ వేలు తీసుకెళ్ళి ఎడమ అంచు మీదే పెడతారు.

"కనిపించింది కదా, ఏం చేస్తారు?" అని అడుగుతాను.

"దిద్దేస్తాం మేడమ్," అంటారు, ఉత్సాహంగా.

అప్పుడు కూర్చోమని కోటయ్య గారి సంగతి చెబుతాను.